ఊడని ఈక

గున్‌వర్ నోట్లో గుండుసూదులు పట్టుకుని, నటుడు యెస్పర్ వీపు మీద నారింజ రంగు ఈకలు కుడుతోంది. అతను నిలబడే దాల్చినచెక్క బన్ను తింటున్నాడు. పొడి రాలి ఈకల్లో పడుతుంటే ఆమె చేత్తో దులుపుతోంది.

"కదలకు," అంది సూదుల మధ్య నుంచి.

"ఊపిరి తీసుకోవచ్చా?"

"నెమ్మదిగా తీసుకో."

ఆమెకు డెబ్బై దగ్గర పడుతున్నాయి. పొట్టి మనిషి. వంగి కుట్టీ కుట్టీ ఎడమ భుజం కిందికి జారింది. ఓరెబ్రూ ఊళ్లో మంచు మీద స్కేటింగ్ చేసే ఐస్ రింకు కింద, బాయిలర్ గది పక్కన ఆమె కుట్టుగది. ఊళ్లో ఫిగర్ స్కేటింగ్ నేర్చుకున్న పిల్లలందరూ అక్కడి స్టూలు మీద నిలబడి కొలతలిచ్చినవాళ్లే. వాళ్లు పెద్దవాళ్లయి తమ పిల్లల్ని తీసుకొచ్చారు. గున్‌వర్ పెళ్లి చేసుకోలేదు. ఎందుకని ఎవరూ అడగలేదు, ఆమె చెప్పనూ లేదు. పోటీల రోజున గ్యాలరీ చివర నిలబడి, పిల్లల్ని కాకుండా వాళ్ల ఒంటి మీది దుస్తుల్నే చూసేది.

ఈ శీతాకాలం స్టాక్‌హోమ్ నుంచి సినిమావాళ్లు వచ్చారు. స్కేటింగ్ లోకాన్ని ఆటపట్టించే హాస్యచిత్రం. అందులో తళుకుల చొక్కాలు, వెక్కి వెక్కి ఏడ్చే కోచ్‌లు, మార్కులు వేయకముందే గుర్రుపెట్టే న్యాయనిర్ణేతలు ఉన్నారు. దర్శకురాలు తూవా ఒక పాత పత్రికలో ఫొటో చూపించి, "అచ్చం ఇలాంటిదే కావాలి. ఇంతకంటే నవ్వొచ్చే డ్రెస్సు ప్రపంచంలో లేదు," అంది.

ఫొటోలో ఉన్నది రోయ్నె, పాల డిపోలో పనిచేసే మనిషి కొడుకు. అప్పుడతనికి పదిహేడేళ్లు. నారింజ ఈకలతో ఉన్న ఆ పక్షి దుస్తుల్ని గున్‌వర్ తన వంటింటి బల్ల మీద చలికాలమంతా కుట్టింది. తన చేతిలోంచి వచ్చినవాటిల్లో అదే గొప్పదనుకుంది. మాల్మో నగరంలో జరిగిన పోటీల్లో, మొదటి గెంతుకు ముందే ఒక ఈక ఊడి మంచు మీద పడింది. రోయ్నె దాని మీదే కాలు వేసి, కూలబడి, అడ్డగోడ దాకా జారిపోయాడు. హాలంతా గొల్లున నవ్వింది. ఆ తర్వాత అతను మళ్లీ స్కేట్లు కట్టుకోలేదు. సిటీ బస్సు డ్రైవరయ్యాడు. ఆ బస్సు గున్‌వర్ ఇంటి ముందు నుంచే వెళ్తుంది. ఆమె మాత్రం వానలోనూ మంచులోనూ పనికి నడిచే వెళ్లేది. ఎవరైనా అడిగితే, నడక ఒంటికి మంచిదనేది.

ఇదేదీ తూవాకు చెప్పలేదు. "కుడతాను," అని ఊరుకుంది.

యెస్పర్ చేతులు చాచి గిర్రున తిరగాలి. ఒక ఈక ఊడి పడాలి. దాని మీద అతను జారిపడాలి. అదీ ఆ రోజు తీయాల్సిన దృశ్యం. మొదటిసారి ఈక ఊడలేదు. తర్వాత యెస్పర్ దొంగతనంగా లాగాడు, అయినా రాలేదు. చివరికి ఈకకు సన్నటి దారం కట్టి ఇద్దరు సహాయకులు గుంజారు. ఈక రాలేదు కానీ యెస్పరే వెనక్కి వచ్చేశాడు.

"నీకు దణ్ణం పెడతాను గున్‌వర్," అంది తూవా. "ఒక్క ఈక ఊడనివ్వమ్మా!"

"వదులుగానే కుట్టాను."

"ఇది వదులా?" అన్నాడు యెస్పర్ నేల మీద నుంచి. "దీంతో ఓడని కట్టెయ్యొచ్చు!"

గున్‌వర్ ఆ చొక్కా తీసుకుని గ్యాలరీ మెట్ల దగ్గర కూర్చుంది. ఈక విప్పి మళ్లీ కుట్టింది. ఒక్క కుట్టుతో ఆపుదామనుకుంటూనే ఇంకోటి వేసి ముడి బిగించింది. అది చూసుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని అలాగే ఉండిపోయింది.

సినిమాలో ప్రేక్షకులుగా కూర్చోడానికి ఊళ్లోవాళ్లని పిలిచారు. వాళ్లలోంచి లావుపాటి బట్టతల మనిషొకడు మెట్లు దిగి వచ్చాడు. రోయ్నె.

"అది నా డ్రెస్సే కదా," అన్నాడు.

ఆమె తలెత్తలేదు. "నీదే."

"ఇప్పుడైతే అందులో నా కాలొక్కటే దూరుతుంది."

"ఆ రోజు నేను ఇంకో కుట్టు వేసుంటే..."

"కుట్టు కాదు గున్‌వర్. నేనే పీకాను."

ఆమె తలెత్తింది.

"అదృష్టం కలిసొస్తుందని, రింకులోకి దిగేముందు ఒక ఈక పీకి బూటులో దోపుకున్నా. దాంతో పక్కది వదులైపోయింది."

"ఇన్నేళ్లూ చెప్పలేదేం?"

"మొదట్లో భయం, అంత కష్టపడి కుట్టావు గదా. తర్వాత సిగ్గు. ఆ తర్వాత చెబుదామంటే నువ్వు నా బస్సెక్కవు! ఎక్కమని ఎన్నిసార్లు హారన్ కొట్టానో."

"తిడుతున్నావనుకున్నాను."

"నేనెందుకు తిడతాను?"

"మొద్దు వెధవా!" అంది గున్‌వర్. "నా మోకాళ్లు అరిగిపోయాయిరా నీ మూలాన!"

రోయ్నె ఆమె పక్కన మెట్టు మీద కూర్చున్నాడు. గున్‌వర్ కత్తెర తీసి ముడి తెంపింది. సూదులు నోట్లో పెట్టుకుని, ఒకే ఒక్క కుట్టు, ముడి లేకుండా వేసింది.

ఈసారి యెస్పర్ తిరిగాడు, ఈక ఎగిరి పడింది, అతను కాళ్లు పైకెత్తి అడ్డగోడ దాకా జారిపోయాడు. గ్యాలరీ అంతా పగలబడి నవ్వింది. అందరికంటే గట్టిగా రోయ్నె నవ్వాడు. గున్‌వర్‌కు నోట్లో సూదులున్నాయని గుర్తొచ్చింది. వాటిని తీసి గుప్పిట్లో పట్టుకుని, అప్పుడు నవ్వింది.

సాయంత్రం ఆమె బస్సులో ఇంటికి వెళ్లింది. రోయ్నెకు ఆ రోజు సెలవు. పక్కన కూర్చుని, మలుపు మలుపుకీ కొత్త డ్రైవర్ని తిడుతూ వచ్చాడు.

సినిమా ఇంకా విడుదల కాకముందే, ఏప్రిల్‌లో ఒక ఆదివారం, గున్‌వర్ నిద్రలో పోయింది. మర్నాడు స్కేటింగ్ క్లబ్బువాళ్లు కుట్టుగది తలుపు తీశారు. మిషను మీద ఎవరో చిన్నపిల్ల నీలం గౌను ఉంది. ఒక చెయ్యి అతికించి ఉంది. రెండో చెయ్యి సగం దాకా వచ్చి, సూది గుడ్డలోకి దిగి ఆగి ఉంది.