సన్నమూతి డబ్బా

అది 2005 వేసవి. హిందీ ప్రాంతపు కార్ఖానాల పేట గోల్‌మురిలో, మందుల షాపు మీది గదిలో, క్రేను నడపడం నేర్పే కంప్యూటర్ ప్రోగ్రామ్‌ను చూపిస్తున్నారు. చూడవచ్చిన కార్ఖానా పెద్దమనిషి అలా బ్రేకు నొక్కాడో లేదో, ప్రోగ్రామ్ కాస్తా కుప్పకూలింది. "రేపు సాయంత్రం మళ్ళీ వస్తాను. అప్పుడూ ఇదే తంతయితే వేరేవాళ్ళని చూసుకుంటాం" అని ఆయన లేచి వెళ్ళిపోయాడు. ప్రోగ్రామ్ రాసిన సిద్ధార్థ్‌కు తల కొట్టేసినట్టయింది.

తప్పు తొందరగానే దొరికింది. క్రేను భాగాలన్నీ ఒకే సంచిలో ఉన్నట్టు రాశాడు. పేరు చెప్పి అడిగితే, ఆ పేరు మీద ఏది పెట్టి ఉంటే అదే ఇస్తుంది సంచి. అది బ్రేకేనని నమ్మి వాడుకోవాలి. పక్క కుర్చీలో పనిచేసే భార్గవ్ బ్రేకు పేరు మీద హారన్ పెట్టేశాడు.

"గల్తీ హో గయీ యార్. ఇకనుంచి జాగ్రత్తగా ఉంటాలే" అని నాలుక కరుచుకున్నాడు భార్గవ్.

జాగ్రత్త అనగానే సిద్ధార్థ్‌కు అమ్మ పైడమ్మ గుర్తొచ్చింది. చిన్నప్పుడు కార్ఖానా క్వార్టరులో వంటింటినిండా ఒకేలాంటి రేకు డబ్బాలే. ఓసారి నాన్న పనిచేసేచోటి ఫోర్‌మన్ ఇంటికొస్తే, సిద్ధార్థ్ పంచదార అనుకుని టీలో ఉప్పు వేసిచ్చాడు. పాపం, ఆ మహానుభావుడు కిక్కురుమనకుండా తాగాడు. అమ్మ మాత్రం తిట్టలేదు.

"నోట్లో ఏసుకున్నాక తెలిత్తే ఏటి లాభంరా? డబ్బా కాడే తెలవాల" అంది. బజారుకెళ్ళి ఉప్పు డబ్బా మూతి సన్నం చేయించుకొచ్చింది. పంచదార చెంచా అందులో దూరితే ఒట్టు!

ప్రోగ్రామ్‌లు రాసే జావా భాషలో కొత్తగా వచ్చిన జెనరిక్స్, అంటే ఎక్కడ ఏ రకం వస్తువుండాలో ముందే చెప్పే వీలు, సరిగ్గా అందుకే పనికొచ్చాయి. సిద్ధార్థ్ పేర్లు తీసేసి, ఒక్కో భాగానికీ దాని రకం చెప్పే తాళంచెవి పెట్టాడు. బ్రేకు తాళంచెవితో బ్రేకునే దాచగలం, బ్రేకునే తీయగలం. భార్గవ్ కావాలనే అక్కడ హారన్ పెట్టి చూశాడు. ప్రోగ్రామ్ నడిపేదాకా పోనే లేదు, రాస్తుండగానే దాని కింద ఎర్రగీత పడింది. మర్నాడు సాయంత్రం ఆ పెద్దమనిషి బ్రేకు నొక్కగానే తెరమీది క్రేను బుద్ధిగా ఆగింది.

ఇంటికొస్తే నాన్న సీతారామరావు గుమ్మంలోనే అడిగాడు. "ఏటిరా, ఆగిందా నీ క్రేను?"

"ఆగింది నాన్నా. ఉండు, టీ పెడతాను."

ఆ సంతోషంలో చేతికందిన డబ్బా తీసి పంచదార చెంచా పెట్టాడు. మూతి దగ్గరే ఆగిపోయింది. అమ్మ పోయి ఏడాదయింది, ఆ డబ్బా ఇంకా అతన్ని తప్పు చేయనివ్వడంలేదు. ఇవాళ నీ డబ్బా వల్లే గట్టెక్కానే అని అమ్మకు చెప్పాలని ప్రాణం కొట్టుకుంది. కళ్ళు తుడుచుకుని, పంచదార డబ్బా అందుకున్నాడు.