పొగ కింద పెరిగిన పిల్ల

టైలరుగారి ఇంట్లో పొద్దున్నే మెషిను చప్పుడు కంటే ముందు అగ్గిపుల్ల చప్పుడు వినిపించేది. మొదటి సిగరెట్టు కాలిస్తే గానీ ఆయనకి సూదిలో దారం ఎక్కేది కాదు. కిటికీ తెరిచే ఉండేది, కానీ బయటికి వెళ్లే అలవాటు ఆ ఇంటి పొగకి లేదు. పెళ్లయిన ఏటి పొగ ఇంకా పైకప్పుని అంటుకునే ఉంది. దాని కింద మరుసటి ఏటిది, ఆ కింద ఇంకోటి. అలా పొరలు పొరలుగా దిగి ఇప్పుడు ఆయన భార్య భుజాల దాకా వచ్చింది. ఆవిడ వంగి తిరిగేది. గిన్నెల అలమర కిందికి దింపించుకుంది. కొలతలివ్వడానికి వచ్చినవాళ్లతో, గడప చూసుకోండి అన్నంత మామూలుగా, "పొగ తగులుతుంది, కాస్త వంగి రండి" అనేది.

టైలరుగారికి మాత్రం ఏ ఇబ్బందీ లేదు. ఆయన ఎప్పుడూ కూర్చునే ఉంటాడాయె. భార్య దగ్గితే వాతావరణం మారిందనేవాడు. మెట్లెక్కుతూ తనకే ఊపిరాడకపోతే మెట్లు కట్టినవాణ్ని తిట్టేవాడు.

కూతురు ఉద్యోగానికి పోతూ మనవరాలిని గుమ్మంలో దించి వెళ్లేది. పిల్ల పొట్టిది కాబట్టి పొగ కింద హాయిగా గంతులేసేది. ఆ పిల్లంటే టైలరుగారికి ప్రాణం, దాని గౌన్లన్నీ తనే కుట్టేవాడు. చిక్కల్లా పిల్లలు ఆగమంటే ఆగరు, ఎదుగుతారు. ఈమధ్య ఏ గౌను కుట్టినా పొట్టిదైపోతోంది. ఎవరి కొలతా తప్పని మనిషి సొంత మనవరాలి కొలత తప్పుతున్నాడు. నిజానికి ఆయన కొలవడమే మానేశాడు. టేపు పెడితే పిల్ల తల పొగకి ఎంత దగ్గరైందో ఒప్పుకోవాల్సి వస్తుందని, పాత కొలతకే కత్తిరించేవాడు.

"తాతయ్యా, మళ్లీ పొట్టిదే కుట్టావు."

"బట్ట ముడుచుకుపోయిందమ్మా."

"ఉతక్కుండానే?" అంది భార్య లోపల్నుంచి.

ఒకరోజు కూతురు బడి యూనిఫాం బట్ట తెచ్చిచ్చి, "నాన్నా, ఈసారి కొలిచి కుట్టు" అని గట్టిగా చెప్పి వెళ్లింది. ఇక తప్పలేదు. ముందువైపు కొలిచాడు, వీపు కొలిచాడు. వీపు పొడుగొచ్చింది. టేపు మార్చి చూసినా అంతే.

"నిటారుగా నిలబడు తల్లీ."

"నిటారుగానే ఉన్నాగా."

"తల ఎత్తు."

"ఎత్తితే పొగ కదా తాతయ్యా. ఎలా వంగాలో అమ్మమ్మ నేర్పింది" అంది పిల్ల, అదేదో జడ వేసుకోవడం నేర్చుకున్నట్టు.

టైలరుగారు టేపు చుట్టి పక్కన పెట్టాడు.

ఆ సాయంత్రమే క్లినిక్కి వెళ్లాడు. నర్సు ఆయన్ని గొట్టంలోకి ఊదించి పెదవి విరిచింది. "ఇది మీ ఊపిరితిత్తులతో, గుండెతో ఆగదండీ. కాల్చకపోయినా ఇంట్లోవాళ్లూ ఆ పొగే పీలుస్తారు. మానేస్తున్నానని వాళ్లకి చెప్పండి. మనసు లాగితే నీళ్లు తాగండి, చేతికి పని చెప్పండి, కాసేపటికి ఆ లాగుడు తగ్గుతుంది. సిగరెట్టు బదులు ఈ నికోటిన్ గమ్ నమలండి. మధ్యలో ఒకటి కాల్చినా అంతా పోయిందనుకోకండి, మళ్లీ మొదలుపెట్టండి" అంది.

మొదట్లో ఇల్లు నరకమే. అయినదానికీ కానిదానికీ కస్సుమన్నాడు. ఒకాయన చొక్కాకి రెండూ ఎడమచేతులే కుట్టాడు. ఒకసారి వాకిట్లో దొంగచాటుగా ఒకటి కాల్చాడు గానీ, ఆ పొగ ఆయన వెంటే బుద్ధిగా లోపలికొచ్చి మిగతా పొగలో చేరింది. భార్య చూసింది. మంచినీళ్లు తెచ్చిచ్చింది.

కొన్నాళ్లకి అన్నిటికంటే కిందున్న పొర కిటికీ దారి పట్టింది. తర్వాత దాని పైది. చలికాలానికి అలమర మళ్లీ పైకెక్కింది. పిల్ల అలవాటుగా వంగుతూనే ఉంటే టైలరుగారు గడ్డం కింద చెయ్యి పెట్టి రోజూ ఎత్తించేవాడు. చివరికి ముందుకీ వెనక్కీ ఒకే కొలత వచ్చింది.

"అమ్మమ్మా, నువ్వూ లే. ఇప్పుడేం తగల్దు."

ఆవిడ మెషిను పట్టుకుని లేవబోయింది. సగంలో దగ్గు తెర వచ్చి ఆగిపోయింది. "నాది ఇంతేలే అమ్మా" అంది.

టైలరుగారు ఆవిడ చలికోటుకి బట్ట పరిచాడు. వీపు పొడుగ్గా, ముందు కురచగా సుద్దముక్కతో గీశాడు. ఏళ్ల తరబడి ఆవిడకి ఇలాగే కత్తిరిస్తున్నాడు, ఎందుకిలా అని ఒక్కనాడూ అనుకోలేదు. కళ్లు మసకలై గీత వంకర పోయింది.

"తప్పు చేశానే" అన్నాడు.

"చేశారు" అంది ఆవిడ. "పిల్ల లేచి నిలబడింది కదా. కత్తిరించండి."