కర్ర పట్టుకునే మనిషి

“తగిలిందేటే?”

“లేదండీ.”

“సరిగ్గా సూసినావా?”

చూడ్డానికేముంది, కర్ర నా చేతిలోనే ఉంది. మా ఆయన మురళి నడుముకి ఎడమపక్క బెత్తెడు దూరంలో దాన్ని నిటారుగా పట్టుకుని, రోజూ పొద్దున్నే మా రైల్వే క్వార్టర్ పెరట్లో నిలబడతాను. ఆయన బంతి కొట్టే గోల్ఫ్ క్లబ్బు వెనక్కి ఎత్తుతారు. కిందికి దించేటప్పుడు ముందు నడుం ఎడమవైపు జరిగి కర్రకి తగలాలి, అప్పుడు తిరగాలి, చేతులు అన్నిటికన్నా ఆఖర్న రావాలి. ఆయనకి చేతులే ముందొచ్చేస్తాయి. అందుకే బంతి బలం లేకుండా కుడిపక్కకి కొట్టుకుపోతుంది. ఈయన ఇంజనీరుగా చేసే రైల్వే వర్క్‌షాప్‌కి కొత్తగా వచ్చిన పెద్దాఫీసరు గోల్ఫ్ ఆడతాడు కాబట్టి ఈయనకీ ఆ పిచ్చి పట్టింది. మైదానంలో ఆట నేర్పే ఆర్థర్ గారు “జోరు చేతుల్లో లేదు దాదా, కాళ్లల్లో ఉంది, నడుంలో ఉంది. నడుం పక్కన ఒక కర్ర పెట్టుకుని సాధన చెయ్యి” అన్నారట. ఈయన ఇంటికొచ్చి కర్ర వెతికారు, నన్ను పిలిచారు.

అక్కడ నిలబడి ఉంటాను కానీ నా మనసంతా వంటింట్లో ఉంటుంది. కుక్కర్ ఎన్ని కూతలు కూసిందో, మా అమ్మాయి అక్షిత లేచిందో లేదో, నేను స్కూలుకి వేసుకెళ్లే చీర ఇస్త్రీ అయ్యిందో లేదో. నేను లెక్కల టీచర్ని. ఫస్ట్ బెల్లుకి ముందే హాజరు వేయించుకోవాలి, ఈ మధ్య పరుగే పరుగు. మా అత్తగారు సరోజాదేవి గుమ్మంలోంచి “పాలు పొంగుతన్నాయే, సూస్కో” అని అరుస్తారు. నిజానికి పొయ్యికి నాకన్నా ఆవిడే దగ్గర. తన నడుం కర్రకి తగలకపోతే ఈయన “నువ్వు వంకరగా పట్టినావు” అంటారు. తగిలితే ఏమీ అనరు.

పోయిన వారం మా స్కూల్లో తబిత టీచర్ ఒక మాట చెప్పింది. శనివారం పొద్దున ఆడవాళ్లకి కూడా ఆర్థర్ గారు ఆట నేర్పుతున్నారట, తను చేరుతోందట, నా పేరు కూడా ఇమ్మంది. ఈయనకి చెప్తే నవ్వారు. “నీకేటికే గోల్ఫు? అయినా నువ్వెల్లిపోతే నాకు కర్ర ఎవరు పడతారు?” నేనూ నవ్వాను. నవ్వాల్సింది కాదేమో. నాకు నిజంగా ఆ ఆట కావాలా, లేక ఆయన వద్దన్నారు కాబట్టి కావాలా? ఎంత ఆలోచించినా తేలలేదు. తబితకి అవుననీ చెప్పలేదు, కాదనీ చెప్పలేదు. ఒకటి మాత్రం తెలుసు. చపాతీలు ఒత్తుతుంటే నా బరువు దానంతటది కుడికాలి మీంచి ఎడమకాలి మీదికి జరుగుతోంది, నడుం కదులుతోంది. ఇదే ఊళ్లో ఖరిదా పేటలో మా పుట్టింటి సందులో నడుస్తుంటే మా అమ్మ వెనకనుంచి “నడుం అదుపులో పెట్టుకోవే, ఈదిలో అందరూ సూస్తన్నారు” అనేది. ఆ మాటకి నేను బిగుసుకుని నడవడం నేర్చుకున్నాను. ఇప్పుడేమో నడుం కదుపు, కదుపు అని మా ఆయన్ని ఆర్థర్ గారు బతిమాలుతున్నారు. నాకు నవ్వు రావాలో ఒళ్లు మండాలో తెలియలేదు.

గురువారం సంగతి ఇది. రాత్రి వాన పడి పెరట్లో నేల మెత్తగా ఉంది. లోపల్నించి మాడు వాసన వచ్చింది. “ఒక్క నిమిషం” అని, చేతిలో కర్రని ఉన్నచోటే నేలలో గుచ్చేసి పరిగెత్తాను. పప్పు మాడింది. పొయ్యి కట్టేసి, చెయ్యి తుడుచుకుంటూ వెనక్కొచ్చేసరికి కర్ర అక్కడే నిలబడి ఉంది. టక్కుమని చప్పుడు. ఈయన నడుం దానికి తగిలింది, బంతి వెళ్లి ఎదురుగా కట్టిన పాత దుప్పటి మధ్యలో కొట్టుకుంది. “తగిలింది!” అని ఆయనే అరిచారు. తర్వాత నన్ను చూశారు.

“ఎక్కడికెల్లిపోనావు? రా, పట్టుకో.”

“నిలబడే ఉంది కదండీ.”

“ఉంటే ఉంది. నువ్వుంటే నాకు ధైర్యంగా ఉంటాది.”

వెళ్లి పట్టుకున్నాను. నిలబడి ఉన్న కర్రని పట్టుకున్నాను! ఆ మాట ప్రేమతోనే అన్నారా? నేల ఉంది, కర్ర ఉంది, గుచ్చితే నిలబడుతుందని ఇంజనీరుకి తట్టలేదు సరే, పిల్లలకి లెక్కలు చెప్పే నాకెందుకు తట్టలేదు? ఆయన మీద కోపం వచ్చింది, దానికంటే ఎక్కువ నామీద నాకే వచ్చింది. ఆ రోజు స్కూల్లో బోర్డు మీద చిన్న కూడిక తప్పు చేశాను.

సాయంత్రం ఆయన ఇంకా డ్యూటీ నుంచి రాలేదు. పెరట్లోకి వెళ్లి కొంగు దోపుకుని, కర్రకి పక్కగా నిలబడి క్లబ్బు ఎత్తాను. నడుం వదిలేశాను. తగిలింది. చేతులు వాటంతటవే వచ్చాయి. దుప్పటి ఊగిపోయింది. నాకు సంతోషం వేసింది, వెంటనే ఏడుపూ వచ్చింది, ఎందుకో తెలియలేదు.

“ఏటే ఆ తిప్పుడు?” అన్నారు అత్తగారు గుమ్మంలోంచి.

“బలం అక్కడే ఉందట అత్తయ్యా.”

ఆవిడ గుమ్మం దిగి వచ్చారు. దుప్పటి వైపు చూసి, “ఇంకోసారి కొట్టు” అన్నారు.

మర్నాడు స్కూల్లో తబితకి నా పేరు ఇచ్చేశాను. శనివారం పొద్దున ఈయన పెరట్లోంచి పిలిచారు. చెప్పులు తొడుక్కుని వెళ్లాను. కర్రని నేలలో గట్టిగా దిగేసి, ఊపి చూశాను. కదల్లేదు.

“నేనెల్తన్నానండీ. తబిత గేటు కాడ ఉంది.”

ఆయనకి నిజంగానే అర్థం కాలేదు. క్లబ్బు దించి, కర్రనీ నన్నూ మార్చి మార్చి చూశారు.

“మరి తగిలిందో లేదో నాకెవరు సెప్తారే?”

“అది మీ నడుమే కదండీ. తగిల్తే మీకు తెలీదా?”