డిస్కు లేచిన ఆదివారం

"కృపా, నువ్వెళ్లి టీ పెట్టు," అన్నాడు రాజ్ కుమార్, తల ఇటు తిప్పకుండానే.

కృపామణి అడిగింది ఒక్క చిన్న మాట. పాత కంప్యూటర్లో డిస్కు సెట్టింగు నార్మల్‌లో ఉండేది, కొత్తదాంట్లో ఏది పడిందో చూశారా అని. అడిగింది భర్తని కూడా కాదు, విశాఖపట్నం నుంచి వచ్చిన మెకానిక్ సంతోష్‌కుమార్‌ని. అతను స్క్రూడ్రైవరు పళ్ల మధ్య పెట్టుకుని ఆమె వైపు చూసి, తర్వాత ఆమె భర్త వైపు చూసి నవ్వాడు. ఆ నవ్వు మీద వచ్చింది టీ మాట.

చోడవరం మెయిన్ రోడ్డు మీద వాళ్ల ఇంటి ముందుగదే 'రాజ్ కుమార్ కంప్యూటర్స్'. శుక్రవారం మధ్యాహ్నం కరెంటు పోయి, వచ్చి, మళ్లీ పోయి ఒక్కసారి పెద్దగా వచ్చింది. నాలుగేళ్లుగా నమ్మకంగా పనిచేసిన కంప్యూటర్ లోంచి కాలిన వాసన వచ్చి ఆగిపోయింది. శనివారం విశాఖపట్నం నుంచి కొత్త పెట్టె తెచ్చారు. పాతదాని లోపలున్న హార్డ్ డిస్కు విప్పి కొత్తదాంట్లో బిగించారు. స్విచ్చి వేస్తే తెర మీద ఒకటే మాట. ఆపరేటింగ్ సిస్టమ్ కనపడడం లేదని.

ఆ డిస్కులో పదకొండు ప్రైవేటు స్కూళ్ల త్రైమాసిక పరీక్షల ప్రశ్నపత్రాలున్నాయి. అరవై రెండు పేపర్లు. కృపామణి నెలరోజులు కూర్చుని కొట్టినవి. పరీక్షలు బుధవారం నుంచి.

పాలు పొంగే దాకా ఆమె గుమ్మం వైపే చెవి పెట్టి నిలబడింది.

"డిస్కు పోయినట్టేనండి," అంటున్నాడు సంతోష్‌కుమార్. "సోమవారం వచ్చి ఫార్మాట్ కొట్టి విండోస్ కొత్తగా ఎక్కించేస్తాను. లోపలున్నవి మాత్రం మర్చిపోండి."

"అంతేనంటావా? సర్లే, టైపింగే కదా. మా ఆవిడ మళ్లీ కొట్టేస్తాది. ఇంట్లో కాళీయే."

రెండు గ్లాసులతో గుమ్మంలో నిలబడ్డ కృపామణికి ఆ మాట కొత్త కాదు. కాళీ. మొన్న బావగారు వచ్చినప్పుడూ రాజ్ కుమార్ అన్నాడు, ఆర్డర్లు తేవడమే కష్టం, తెచ్చేక కూచుని నొక్కడమే కదా అని. ఆర్డర్లు తేవడం అతని పని, నిజమే. స్కూటర్ మీద రావికమతం దాకా తిరుగుతాడు, నలుగురితో కలుపుగోలుగా మాట్లాడతాడు, విజిటింగ్ కార్డులు పంచుతాడు. మిగతాది ఆమెది. పొద్దున్న ఇల్లు, మధ్యాహ్నం కంప్యూటర్, సాయంత్రం మళ్లీ ఇల్లు, మధ్యలో ప్రింటరుకి కాగితం ఇరుక్కుంటే పొయ్యి మీద కూర దింపి పరుగు. గిరాకీలు ఆమెని మాస్టారి మిస్సెస్ అంటారు, రాజ్ కుమార్ ఏ బళ్లోనూ పాఠం చెప్పకపోయినా. పెళ్లికి ముందు విశాఖపట్నంలో ఏడాది కంప్యూటర్ కోర్సు చేసింది ఆమె. పోర్టులో క్రేన్ నడిపే తండ్రి నోవహు డ్యూటీ దిగి సాయంత్రాలు బస్టాపులో నిలబడి ఆమెని ఇంటికి తీసుకెళ్లేవాడు. దార్లో ఆయన అడిగేది ఒకటే: ఇవాళ ఏటి పాడైంది, ఎలా బాగు చేసేరు? ఏటి నేర్పేరని ఎప్పుడూ అడగలేదు. ఆ ప్రశ్నకి జవాబు చెప్పడం కోసమే ఆమె క్లాసులో కళ్లు పెద్దవి చేసుకుని చూసేది. పెళ్లయ్యాక ఆ ప్రశ్న అడిగినవాళ్లు లేరు.

టీ గ్లాసులు బల్ల మీద పెడుతూ తెర వంక చూసింది. డిస్కు పోతే దానికొక చప్పుడుంటుంది. టిక్కుటిక్కుమని కొట్టుకుంటుంది. ఇది నెమ్మదిగా, సమంగా తిరుగుతోంది. డిస్కు బతికే ఉంది. ఆ మాట ఆమె పైకి అనలేదు. సోమవారం వస్తానని చెప్పి సంతోష్‌కుమార్ విశాఖపట్నం బస్సెక్కాడు.

ఆదివారం పొద్దున్న తల స్నానం చెయ్యకుండా మంచం మీదే కూర్చుంది.

"చర్చికి నేను రాలేనండి అత్తయ్యా. తలనొప్పిగా ఉంది."

అత్తగారు రాజ్యం తెల్ల చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ ఆగింది. "తలనొప్పికి ఆరాధన మానేస్తారేటే? ప్రార్థన్లో కూసుంటే అదే పోతాది. నీ కోడలేదని పాస్టరయ్యగారు అడిగితే నానేటి సెప్పాల?"

"తలనొప్పని చెప్పండి."

"మీ అమ్మ పెంపకం," అనుకుంటూ రాజ్యం బైబిలు సంచీ తీసుకుంది. ఆరేళ్ల ఆశ్రిత గులాబి గౌను వేసుకుని నాన్న స్కూటర్ ముందు నిలబడింది. తొమ్మిదింటికి స్కూటర్ చప్పుడు రోడ్డు మలుపు తిరిగి వినపడకుండా పోయింది.

కృపామణి తలుపు గొళ్లెం పెట్టి వెనక్కి తిరిగింది. ఇంట్లో ఎవరూ లేరు. పెళ్లయిన ఈ ఏడేళ్లలో ఈ ఇంట్లో తను ఒక్కతే ఉన్న రోజు ఎప్పుడని వెతికితే ఏదీ గుర్తు రాలేదు. అబద్ధమాడానని ఒక్క క్షణం మనసు పీకింది. దేవుడు అరవై రెండు పేపర్లూ చూసే ఉంటాడులే అనుకుని ముందుగదిలోకి వెళ్లి స్విచ్చి వేసింది.

మొదట డిలీట్ మీట నొక్కి సెట్టింగుల తెర తెరిచింది. తను అనుకున్నదే. కొత్త పెట్టె డిస్కుని తనంతట తానే కొలిచి, తనకి అలవాటైన పద్ధతిలో చదవబోతోంది. పాత పెట్టె రాసిన పద్ధతి వేరు. పుస్తకం అదే, లెక్కలోనే తేడా. ఒకటో పేజీ ఎక్కడుందో దొరక్కే పుస్తకం లేదంటోంది. రెండేళ్ల కిందట పాత కంప్యూటర్లో చిన్న బ్యాటరీ అయిపోయి అది సెట్టింగులన్నీ మర్చిపోతే, బాగుచేశాక కృపామణి ఆ అంకెలు నోటు పుస్తకం చివరి పేజీలో రాసి పెట్టుకుంది. సిలిండర్లు తొమ్మిది వందల ఎనభై తొమ్మిది, హెడ్లు పదిహేను, సెక్టార్లు యాభై ఆరు, నార్మల్. అవి ఒక్కొక్కటే కొట్టి, సరిచూసుకుని, సేవ్ చేసి వదిలింది.

తెర నల్లబడింది. తర్వాత విండోస్ మొదలవుతోందన్న వరస వచ్చింది. ఆ వెనకే విండోస్ లేచేటప్పుడు వచ్చే మబ్బుల బొమ్మ.

ఆమె కుర్చీ అంచుకి జరిగింది. మబ్బులు అలాగే ఉండిపోయాయి. ఐదు నిమిషాలు, పది నిమిషాలు. డిస్కు దీపం వెలగడం మానేసింది. ఫార్మాట్ తప్పదేమోనన్న భయం అప్పుడు వేసింది. సంతోష్‌కుమార్ నవ్వు కళ్ల ముందు కదిలింది. కట్టేసి, చేతులు చీరకి తుడుచుకుని, ఇవాళ ఏటి పాడైందమ్మా అని ఎవరో అడిగినట్టు తనలో తనే చెప్పుకుంది. డిస్కు దొరికింది నాన్నా. విండోస్ లేస్తోంది. కానీ అది ఇంకా పాత పెట్టెలోనే ఉన్నాననుకుంటోంది. పాత బోర్డు కోసం, పాత డిస్‌ప్లే కార్డు కోసం వెతుక్కుంటోంది. అవి లేవు కాబట్టి ఆగిపోయింది. అయితే ఏటి చెయ్యాల?

మళ్లీ వేసి ఎఫ్ ఎనిమిది నొక్కి సేఫ్ మోడ్‌లో లేపింది. బొమ్మలు పెద్దవిగా, రంగులు వెలిసిపోయినట్టుగా వచ్చాయి, కానీ వచ్చాయి. లోపల సామాన్ల జాబితా తెరిచి పాత కార్డు పేరు, పాత బోర్డు తాలూకు పేర్లు ఒక్కొక్కటే తీసేసింది. తీసే ముందు ప్రతి పేరూ నోటు పుస్తకంలో రాసుకుంది. మళ్లీ లేపితే కొత్త సామాను దొరికింది అంది, ఫైళ్లు ఏవి అని అడిగింది. విండోస్ ఎక్కించే ఫైళ్లు ఎందుకైనా మంచిదని ఆమె ఎప్పుడో డిస్కులోనే ఒక మూల కాపీ చేసి ఉంచింది. ఆ దారి చూపించింది. డిస్‌ప్లే కార్డు ఫ్లాపీ కొత్త పెట్టె అట్టలోనే దొరికింది. ఒకటి అయితే ఇంకొకటి అడిగింది. నాలుగుసార్లు కట్టి నాలుగుసార్లు లేపింది.

పదకొండున్నరకి బియ్యం కడగలేదని గుర్తొచ్చింది. లేవలేదు.

ఐదోసారి మబ్బులు వచ్చి, వెళ్లిపోయి, మామూలు తెర నిండుగా పరుచుకుంది. ఫోల్డరు తెరిచింది. ఏడో తరగతి సాంఘికశాస్త్రం. 'క్రింది ప్రశ్నలకు సమాధానములు వ్రాయుము.' ఒత్తులూ దీర్ఘాలూ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆమెకి ఏడుపొస్తుందేమో అనుకుంది గానీ రాలేదు, ఆకలేసింది. అరటిపండు తింటూ అన్ని పేపర్లూ ముందు ఫ్లాపీల్లోకి కాపీ చేసింది. తన చేతులు చూసుకుంటూ కాసేపు ఊరికే కూర్చుంది. ఈ మూడున్నర గంటల్లో ఎవరూ తనని పిలవలేదు.

పన్నెండున్నర దాటాక వాళ్లు వచ్చారు. రాజ్యం నేరుగా వంటింట్లోకి వెళ్లి వచ్చింది.

"కుండ బోర్లించే ఉంది. తలనొప్పన్నావు, ఆ పెట్టి ముందు కూసున్నావేటే?"

రాజ్ కుమార్ తెర చూసి చెప్పులతోనే గదిలోకి వచ్చేశాడు. "సంతోష్ వచ్చేడేటి?"

"లేదండి."

"మరి?"

"నేనే చేసేను."

అతను కుర్చీలో కూర్చుని రెండు పేపర్లు తెరిచి చూశాడు, మూశాడు. "పరువు దక్కింది," అన్నాడు ఊపిరి వదిలి. "సంతోష్‌కి ఫోన్ చేసి రావద్దని సెప్పాలి." తర్వాత గుర్తొచ్చినట్టు, "ఉప్మా అయినా చెయ్యి, ఆశ్రితకి ఆకలేస్తంది" అన్నాడు.

సోమవారం పొద్దున్న రూపాదేవి వచ్చింది. గోవాడలో స్కూలు నడుపుతుంది, పదకొండు స్కూళ్ల తరఫునా ఆమే మాట్లాడుతుంది. కృపామణి ప్రింటరు దగ్గర నిలబడి కాగితాలు దొంతులు పెడుతోంది.

"కంప్యూటర్ పోయిందని విన్నాను, భయపడిపోయేమండి. ఎలా చేసేరు?" అంది రూపాదేవి.

"రెండ్రోజులు దాని ముందే కూచున్నాను మేడమ్. ఆకరికి లొంగింది," అన్నాడు రాజ్ కుమార్.

కృపామణి దొంతి అంచులు బల్లకి తట్టి సమం చేసింది. అతను ఆమె వైపు చూడలేదు. సిగ్గుపడి చూడకపోతే ఆమెకి ఊరటగా ఉండేది. అతనికి అసలు తోచనే లేదు. అబద్ధమాడుతున్న మొహం కాదది.

"మా స్కూల్లోనూ ఇదే గోలండి," అంది రూపాదేవి. "పాతది పాడైతే డిస్కు కొత్తదాంట్లో పెట్టించేం. లేవడం లేదు. పిల్లల రికార్డులన్నీ అందులోనే. రేపు ఒక్కసారి వస్తారా?"

"తప్పకుండా మేడమ్. తొమ్మిదింటికల్లా అక్కడుంటాను."

మధ్యాహ్నం కృపామణి అంట్లు తోముతుంటే రాజ్ కుమార్ పెరట్లోకి వచ్చాడు. "భోంచేసేవా కృపా?" అన్నాడు. ఆమె చెయ్యి ఆగింది. ఈ ఇంట్లో ఆ మాట ఆమెని అడిగేవాళ్లు లేరు.

"మరేటంటే, నిన్న నువ్వు చేసినవన్నీ వరసగా ఒక కాగితం మీద రాసియ్యి. ఏ మీట తర్వాత ఏ మీటో. రేపు గోవాడ పట్టుకెళ్తాను."

"అలాగే," అంది.

అతను వెళ్లాక చాలాసేపు బూడిద చేత్తోనే కూర్చుంది. రాసివ్వడం ఆమెకి కొత్త కాదు. బ్యాంకు మేనేజరుకి ఉత్తరాలు రాసిచ్చింది, యువజన సంఘంలో అతను మాట్లాడే మాటలు రాసిచ్చింది, అన్నిటి కిందా అతని సంతకమే. అప్పుడంతా మన ఇద్దరిదీ ఒకటే కదా అనుకునేది. ఇప్పుడూ రాయగలదు. అంకెలు, మీటలు, పేర్లు అన్నీ నోటు పుస్తకంలో ఉన్నాయి. రాస్తే అతనికి రేపటికి సరిపోతుంది కూడా. కానీ ఆ మబ్బుల బొమ్మ ఆగిపోయినప్పుడు కలిగిన భయం, అది దాటాక వేసిన ఆకలి, అవి తనవి. వాటిని ఇంకొకరి సంతకం కింద పెట్టబుద్ధి కాలేదు.

చేతులు కడుక్కుని, ఉల్లిపాయలు తెస్తానని అత్తగారికి చెప్పి, రోడ్డు దాటి ఎస్టీడీ బూతులోకి వెళ్లింది.

"మేడమ్, నేను కృపామణినండి. రాజ్ కుమార్ గారి భార్యని. రేపు మీ స్కూలుకి నేను వస్తాను. మా డిస్కు బాగుచేసింది నేనే."

"మరి పొద్దున్న మీవారు అలా చెప్పేరే."

"చెప్పేరండి."

"సరే అమ్మా," అంది రూపాదేవి. "తొమ్మిదింటికి రా. రికార్డులు పోకుండా చూడు, అంతే."

ఉల్లిపాయలతో ఇంటికొచ్చి, దీపాలు పెట్టే వేళకి ఒక ఠావు కాగితం మీద వరసగా రాసి, మడిచి భర్త చేతికిచ్చింది. అతను జేబులో పెట్టుకోబోయి, ఒకసారి చూద్దామని విప్పాడు.

'ఐదున్నర: మోటారు వెయ్యాలి. ఆరు దాటితే నీళ్లు రావు. ఆరున్నర: అత్తయ్య బీపీ మాత్ర, ఏదైనా తిన్న తర్వాతే. ఏడు: ఆశ్రిత జడలు, కుడి పక్క చిక్కుంటుంది, లాగితే ఏడుస్తుంది. ఎనిమిది: అన్నం, పప్పు, దాని డబ్బాలోకి వేపుడు. తొమ్మిది నుంచి: మిగిలిన పద్నాలుగు పేపర్ల ప్రింటు, ప్రతి ఇరవై కాగితాలకీ ఒకసారి ఆపి చూడాలి.'

"ఇదేటిది?" అన్నాడు రాజ్ కుమార్.

"రేపు మీరు చెయ్యాల్సినవండి. గోవాడ నేను వెళ్తన్నాను. రూపాదేవి గారికి చెప్పేసేను."

అతను కాగితం మళ్లీ మొదటి నుంచి చదివాడు. కృపామణి కూరలోకి ఉల్లిపాయలు తరుగుతూ నెమ్మదిగా అంది:

"వెనక్కి తిప్పండి. ఇంకా ఉంది."