లావణ్య పేరు కింది తోక

చెయ్యి వణకడం మొదలయ్యాక గోవర్ధన్ కుంచె ముట్టలేదు. నయాపూల్ దగ్గర పెళ్లికార్డుల మీద పేర్లు ఆయన రాస్తేనే పెళ్లికళ అనేవాళ్లు ఒకప్పుడు. "నీ కార్డు నా చేత్తోనే రాస్త బిడ్డా" అని కూతురు లావణ్యకు చిన్నప్పుడే మాటిచ్చాడు. ఇప్పుడు పెళ్లి కుదిరింది. ఆ ఊసెత్తితే చాలు, గోడవైపు తిరిగి పడుకుంటున్నాడు.

లావణ్య ఊరుకునే రకమా? తండ్రి మొండితనంలో సగపాలు తనదే. పైగా కంప్యూటర్ మీద డిజైన్లు చేసే పిల్ల. తన బాపు ఒకప్పుడు దుకాణాలకు రాసిన పాత బోర్డులు వెతుక్కుంటూ పొద్దున్నే ఫోన్ పట్టుకుని బయల్దేరింది. చార్మినార్ గల్లీల్లో షటర్లు నిద్రపోతున్నాయి, అక్షరాలు మాత్రం మేలుకుని ఉన్నాయి. గాజుల దుకాణం మీద 'గా' చెంగు జార్చుకుని నిలబడింది. దబీర్‌పురా పాలకేంద్రం మీద 'పా' ఒళ్లు విరుచుకుంటోంది. ఆ రాత్రి కలలో అవన్నీ బోర్డులు దిగి వచ్చి, ఆమె మంచం చుట్టూ కూర్చుని, బాపు గొంతుతో ఆమెను పేరుపెట్టి పిలిచాయి.

ఫోన్‌లో ఫొటోలు తీసిన ఆ అక్షరాలన్నిటినీ చేర్చి ఫాంట్ చేసింది. మురిపెంకొద్దీ కార్డు మొత్తం అందులోనే కొట్టింది. తల్లి బుచ్చమ్మ కార్డును అటు తిప్పి ఇటు తిప్పి చూసింది.

"ఏందే, మనం పోయేది ఫంక్షన్ హాలుకా, జిలేబీల దుకాణానికా?"

లావణ్యకు నవ్వాగలేదు. అడ్రసూ ముహూర్తమూ మామూలు అక్షరాల్లోకి మార్చి, పేర్లు రెండూ అట్లాగే ఉంచి బాపు ముందు పెట్టింది.

గోవర్ధన్ చాలాసేపు చూశాడు. కళ్లు చెమర్చాయి.

"నా రాతనే గిది." ఆయన వేలు 'లావణ్య' చివరి తోక మీద ఆగింది. "కని గిది నడుమనే తెగింది బిడ్డా. పక్కన ఎవరున్నరో దానికేం ఎర్క?"

అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు. పెళ్లికూతురి పేరు తోకను పెళ్లికొడుకు పేరు తగిలేదాకా లాగితేగాని బాపు కుంచె ఎత్తేవాడు కాదు. అది సోకు అనుకుంది తను. పక్కన ఏ అక్షరం వచ్చినా ఇమిడేలా తోకలన్నీ తనే కత్తిరించింది. చెప్పలేనంత సిగ్గేసింది.

"నువ్వే కలుపు బాపు."

"చెయ్యి ఆగదు."

"ఆగకున్నా ఫికర్ లేదు."

గోవర్ధన్ కుంచె అందుకుని, ఎడమచేత్తో కుడిచేతి మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. గీత వణుకుతూ బయల్దేరింది, కుంగింది, లేచింది, దారి తప్పబోయి మళ్లీ వచ్చి పెళ్లికొడుకు పేరు 'రవీందర్' మొదటి అక్షరాన్ని తాకింది. బుచ్చమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది.

ప్రెస్సు నడిపే ప్రేమ్‌రాజ్ కార్డు చూసి పెదవి విరిచాడు.

"అంతా మస్తుగుందక్కా. గీ లైనే వణికింది. కంప్యూటర్ల సాఫ్ చేద్దామా?"

"ముట్టినవంటే చూడు! కార్డు మొత్తంల మా బాపు చేత్తో రాసింది గదొక్కటే."