రోనా పక్కన

ఆ సముద్రతీరపు ఊరి బడి వంటగదిలో సెంగా, రోనా పంతొమ్మిదేళ్లుగా కలిసి పనిచేస్తున్నారు. రెండు వందల మంది పిల్లలకి కైమా, మెదిపిన బంగాళాదుంపలు, కస్టర్డు వడ్డించే హడావిడిలో ఒకరి మోచెయ్యి ఎక్కడుందో రెండోవాళ్లకి చూడకుండానే తెలిసిపోయేది. ఏటా జూన్‌లో చివరి దశ రోగులని చూసుకునే హాస్పిస్‌కి విరాళాల కోసం ఊళ్లో ఆడవాళ్లంతా అర్ధరాత్రి పది మైళ్లు నడుస్తారు. ఆ నడకలోనూ ఎనిమిదేళ్లుగా వాళ్లిద్దరిదే జంట. సెంగా తల్లి చివరి మూడు వారాలూ ఆ హాస్పిస్‌లోనే గడిచాయి.

ఈ జనవరిలో వంటగదికి ఐల్సా వచ్చింది. ముప్పై నాలుగేళ్ల మనిషి, చలాకీ. నెల తిరక్కుండానే రోనా టీ వేళ ఆమె పక్కన కూర్చోవడం మొదలుపెట్టింది. మార్చిలో ఒకరోజు ఇద్దరూ సామాన్ల గది తలుపు దగ్గరగా వేసుకుని గుసగుసలాడుకుంటున్నారు. పిండి కోసం వెళ్లిన సెంగా పిండి తీసుకోకుండానే వెనక్కి వచ్చేసింది. ఆ రోజు కస్టర్డు మాడింది.

"ఈసారి ముగ్గురం నడుద్దామే" అని రోనాయే అంది. కాదనడానికి సెంగాకి కారణం దొరకలేదు.

తీరా చూస్తే సముద్రపు గోడ పక్కన కాలిబాట ఇద్దరికే సరిపోతుంది. మొదటి ఆరు మైళ్లూ సెంగా వాళ్ల వీపులు చూస్తూ నడిచింది. గులాబీరంగు టీషర్టులు, మెడలో మిణుకుమిణుకుమనే దీపాల దండలు. దండలు ఐల్సా తెచ్చింది. సెంగా తనది జేబులో పెట్టుకుంది.

"ఏమే, ఉలుకూ పలుకూ లేదు, బతికే ఉన్నావా?" రోనా వెనక్కి తిరిగి అడిగింది.

"మీ కబుర్లు వింటున్నా. ఇంట్లో రేడియో అమ్మేయొచ్చు."

ఆరో మైలు దగ్గర, రేవులో టీ బల్లలు వేశారు. రోనా మరుగుదొడ్డి వరసలో నిలబడింది. ఐల్సా గోడ మీద కూలబడి బూటు విప్పింది. మడమ చర్మం ఊడి నెత్తురు వస్తోంది.

"సెంగా, పట్టీ వేయించుకొస్తాను. రోనాని ఆగమని చెప్తారా? నా ఫోను తన సంచిలో ఉండిపోయింది."

"చెప్తాను."

చెప్పాలనే అనుకుంది. కానీ రోనా వస్తూనే "ఐల్సా ఏది?" అంది, చేతులైనా తుడుచుకోకుండా.

"కాలు బొబ్బలెక్కిందట. నడవలేనివాళ్ల కోసం పెట్టిన వ్యానెక్కి వెళ్లిపోయింది. మనల్ని కానిమ్మంది."

ఆ తర్వాతి మైలు సెంగాకి పండగే. రోనా చేతిలో చెయ్యి వేసింది. కస్టర్డులో పడిపోయిన హెడ్మాస్టరు కళ్లజోడు సంగతి మళ్లీ చెప్పింది. రోనా నవ్వింది గాని, మధ్యలో ఆగిపోయింది.

"నాతో ఒక్క మాటైనా చెప్పకుండా వెళ్లిందా? అలాంటి మనిషి కాదే."

"ఎలాంటి మనిషో ఆర్నెల్లకే తెలిసిపోయిందా?" సెంగా గొంతు పైకి లేచింది. "పంతొమ్మిదేళ్లు నీతో కలిసి పనిచేశాను. నా ముందు తలుపులు వేసుకుంటారు!"

రోనా నడక ఆపేసింది. "మార్చిలో నా రొమ్ములో గడ్డ కనబడిందే. ఆస్పత్రికి తనని తోడు తీసుకెళ్లాను. ఉత్త నీటిగడ్డే అన్నారు. ఏం లేదు."

"నాకెందుకు చెప్పలేదు?"

"నీకు చెప్తే ఏడ్చేదానివి. మీ అమ్మ పడుకున్న గది గురించి చెప్పేదానివి. అప్పుడు నేను నిన్ను ఓదార్చాలి. నాకంత ఓపిక లేకపోయింది."

ఏం లేదన్నందుకు గుండె తేలికపడాలి. సెంగాకి ముందు కలిగింది అది కాదు. ఆస్పత్రి బల్ల మీద రోనా చల్లటి చెయ్యి పట్టుకుని కూర్చున్నది తను కాదే అన్న మంట. రోనా ఆ భయాన్ని కూడా ఇంకొకరికి ఇచ్చేసింది. అలా అనిపించినందుకు సిగ్గుతో ఆమె చెవులు వేడెక్కాయి.

"ఐల్సా వ్యానెక్కలేదు" అంది. "నిన్ను ఆగమని చెప్పమంది. నేను చెప్పలేదు."

రోనా ఆమె చేతిలోంచి తన చెయ్యి తీసేసుకుంది. "కుంటికాలితో దాన్ని అక్కడ వదిలేశావా?" అని వెనక్కి తిరగబోయింది.

"నువ్వు వద్దు. చేసింది నేను, నేనే వెళ్తాను."

ఎదురుగా వందలమంది ఆడవాళ్లు వస్తుంటే సెంగా వాళ్లని తోసుకుంటూ వెనక్కి నడిచింది. "అటు కాదమ్మోయ్, ఇటు!" అని ఎవరో అరిస్తే అందరూ నవ్వారు. రేవులో టీ బల్లలు ఎత్తేస్తున్నారు. ఐల్సా అదే గోడ మీద ముడుచుకుని కూర్చుంది.

"రోనా ఏది?"

"ముందుంది. నువ్వు వ్యానులో వెళ్లిపోయావని చెప్పాను."

"ఎందుకూ?"

"తనతో ఒక్కదాన్నే నడవాలనిపించింది."

ఐల్సా ఆమెకేసి ఎగాదిగా చూసింది. "మీకెన్నేళ్లు?"

"యాభై ఏడు."

"మా అమ్మాయికి ఏడు. అదీ ఇలాగే చేస్తుంది." నవ్వకుండానే చెయ్యి చాపింది. "లేపండి. సోమవారం దాకా మీతో మాట్లాడను. కానీ పట్టుకోకపోతే నడవలేను."

నాలుగు మైళ్లు రెండు గంటలు పట్టింది. ఐల్సా బరువంతా సెంగా భుజం మీదే. వాళ్లు చేరేసరికి సముద్రం మీద తెల్లారిపోతోంది. ముగింపు గీత దగ్గర రోనా ఒక్కతే నిలబడి ఉంది. పరుగున వచ్చి ముందు ఐల్సాని కౌగిలించుకుంది. సెంగాకి మళ్లీ అదే మంట. ఇంత నడిచినా అది ఎక్కడికీ పోలేదు.

ఐల్సాని కుర్చీలో కూర్చోబెట్టి రోనా ఇటు వచ్చింది.

"నీమీద కోపం పోలేదు నాకు."

"పోనక్కర్లేదు."

"బడికి సెలవులిచ్చాక, మొదటి మంగళవారం మళ్లీ చూపించుకోవాలి. ఊరికే, జాగ్రత్తకి."

"ఐల్సా వస్తుందా?"

"వస్తుంది. నువ్వూ రావాలంటే రా. ఏడుపు మాత్రం ఇంట్లో పెట్టి రా."

ఏడవనని సెంగా మాటివ్వలేదు. ఎన్ని గంటలకి బయల్దేరాలో అడిగింది.