రోజుకొక్కరు చదివిన పేజీ

మా క్రీడాభవనం హాల్లో నలభై ఫొటోలకే చోటుంది. ఏది ఉండాలో, ఏది దిగాలో చెప్పే పట్టిక తయారుచేయడం నా పని. ఇంటర్నెట్ విజ్ఞానకోశంలో ఒక్కో క్రీడాకారుడి పేజీని నెలకు ఎన్నిసార్లు తెరిచారో చూసి రాస్తాను. ఇరవై దాటకపోతే ఫొటో బీరువాలోకి వెళ్తుంది. ఆట మానేసిన ముప్ఫై ఏళ్లకు కూడా జనం వెతుక్కుని చదివితే అదే కీర్తి అంటారు మా డైరెక్టరు. నేనూ కాదనను.

ముప్ఫై ఏడో ఫొటో నా భార్యది. ఎనిమిది వందల మీటర్ల పరుగు. ఆమె పోయిన ఈ రెండేళ్లలో లెక్క ఎప్పుడూ ముప్ఫై, లేదా ముప్ఫై ఒకటి. ఫిబ్రవరిలో ఇరవై ఎనిమిది.

"మేడమ్ అభిమానులు భలే పద్ధతైనవాళ్లు సార్. క్యాలెండర్ చూసుకుని మరీ చదువుతున్నారు" అన్నాడు పక్క బల్ల గుమాస్తా. నవ్వులాటకే అన్నాడు. నాకు మాత్రం తేలు కుట్టినట్టయింది.

రోజూ పొద్దున, టీ చల్లారేలోగా ఆ పేజీ తెరిచేది నేనే. గీత దాటుతూ నోరు తెరిచి ఉన్న ఆ మొహం కోసం. అదీ లెక్కలోకి వస్తుందన్న ఆలోచనే రాలేదు. ఊరందరినీ లెక్కపెట్టేవాణ్ణి, నన్ను నేనే జనం అనుకున్నాను.

మార్చి అంతా తెరవలేదు. ఫోన్‌ను వంటింటి అలమారాలో పెట్టి, కిటికీ వైపు తిరిగి టీ తాగేవాణ్ణి. చెయ్యి అలవాటుగా బల్ల మీద తడుముకునేది. ఇంకెవరో ఒకరైనా ఉంటారని లోపల ఆశ.

నెల తిరిగాక చూశాను. రోజువారీ లెక్కలో ముప్ఫై ఒక్క సున్నాలు.

స్టూలు ఎవరినీ తెమ్మనలేదు. నేనే ఎక్కి ఫొటో దించాను. దాని వెనక గోడ కొత్త సున్నం వేసినట్టు తెల్లగా ఉంది. అద్దం తుడుస్తుండగా ఫోన్ మోగింది. ఆమెతో పరిగెత్తి ఎప్పుడూ రెండో స్థానంలో వచ్చినావిడ. అంత్యక్రియల తర్వాత మాట్లాడింది లేదు.

"అన్నయ్యగారూ, ఒంట్లో బాగానే ఉందా?"

బాగానే ఉందన్నాను.

"పేజీ నేను తెరవనండి. పదకొండేళ్లు మీ ఆవిడ వీపు చూస్తూ పరిగెత్తాను, చాలు. కానీ రోజుకెంతమంది చదివారో వేరే చోట చూపిస్తుందిగా, అది చూస్తాను. రోజుకొకరు. మీరేనని తెలుసు. నెలంతా సున్నాలొచ్చేసరికి మీకేమైనా అయిందేమో అనుకున్నాను. మీ నంబరు పట్టేసరికి ఇవాళైంది."

ఫొటో దించేశానని చెప్పాను.

"దించితే దించారు. రేపు పొద్దున తెరవండి. నేను లెక్క చూసుకుంటాను."

పట్టికలో సున్నాయే రాశాను. ఫొటోను గుడ్డలో చుట్టి బీరువాలో, మొహం తలుపు వైపు తిప్పి పెట్టాను.

మర్నాడు పొద్దున టీ వేడిగా ఉండగానే పేజీ తెరిచాను.